ఫక్రుద్దీన్ ఖాన్ (షమ్స్-ఉల్-ఉమ్రా)

ముహమ్మద్ ఫక్రుద్దీన్ ఖాన్ (మరణం: 1863) హైదరాబాదు రాజ్యపు పైగా ప్రభువులలో రెండవ తరం అధిపతి, విజ్ఞానశాస్త్ర గ్రంథాల పోషకుడు. శంషాబాద్ అన్న ఊరిపేరు ఈ వంశీయుల బిరుదైన షమ్స్-ఉల్-ఉమ్రా నుండి వచ్చిందని ప్రసిద్ధి. 'ప్రభువులలో సూర్యుడు' అని ఆ బిరుదుకు అర్థం.

వంశ మూలాలు

వీరి పూర్వీకులు ఉత్తర హిందూస్థానం నుండి వలస వచ్చినవారు. ఫక్రుద్దీన్ తాత అబుల్ ఖైర్ ఖాన్ మొదటి నిజాం వెంట దక్కనుకు వచ్చి స్థిరపడ్డాడు. సూఫీ గురువు బాబా ఫరీద్ తమ మూలపురుషుడని వంశీయులు చెప్పుకొనేవారు. ఇది కుటుంబ సంప్రదాయం. అబుల్ ఖైర్ ఖాన్ నుండి మాత్రం చరిత్ర స్పష్టంగా ఉంది. అతని కుమారుడు అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్ రెండవ నిజాం (పాలన 1762-1803) వద్ద సేనానిగా ఉండి, సొంత సైన్యపు పోషణకై జాగీర్లు పొందాడు. ఆ సైన్యం పేరే 'పైగా'. తెలుగులో 'అంతేకాక' అనే అర్థంలో వాడే మాటతో దీనికి సంబంధం లేదు.

ఈ వంశచరిత్ర చదివేవారిని తికమకపెట్టేవి బిరుదులు. షమ్స్-ఉల్-ఉమ్రా, అమీర్-ఎ-కబీర్ అనేవి ఒక్కరివి కావు, తరతరాలుగా సంక్రమించాయి. కనుక అసలు పేరు, సంవత్సరం రెండూ సరిచూసుకొనక తప్పదు.

జీవితం

ఫక్రుద్దీన్ ఖాన్ చిన్న వయసులోనే తండ్రి తేగ్ జంగ్ వారసుడయ్యాడు. రెండవ నిజాం కుమార్తె బషీరున్నీసా బేగంను వివాహమాడాడు. బేగంపేటకు ఆమె వల్లనే ఆ పేరు వచ్చిందంటారు. ఆమె ఆరవ నిజాం కుమార్తె అని కొన్నిచోట్ల కనిపిస్తుంది గాని, అది పొసగదు. ఆరవ నిజాం పుట్టినది 1866లో. అప్పటికే ఫక్రుద్దీన్ మరణించి మూడేళ్ళు. నగరపు పాత విమానాశ్రయం బేగంపేటలో ఉండగా, 2008లో కొత్తది శంషాబాద్‌లో ప్రారంభమైంది. ఆ విధంగా రెండు ఊళ్ళ పేర్లూ ఒకే ఇంటికి చేరుతున్నాయి.

1849లో ఆయన కొద్దికాలం దివాన్‌గా పనిచేశాడు. అయితే ఆయన కీర్తి పదవి వల్ల వచ్చినది కాదు. సొంత ముద్రణాలయం నెలకొల్పి, ఆంగ్ల శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశాడు. యంత్రశాస్త్రం, ఖగోళం, జలం, వాయువు, కాంతి, విద్యుత్తు వంటి విషయాలపై వెలువడిన ఆరు గ్రంథాల సంపుటి 'సిత్తా-ఎ-షమ్సియా' వాటిలో ముఖ్యమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయం (1918) ఉర్దూలో ఉన్నతవిద్య బోధించడానికి ఎన్నో దశాబ్దాల ముందే ఈ కృషి జరిగింది. ఆయన నెలకొల్పిన పాఠశాల మద్రసా-ఎ-ఫక్రియా. జహాన్‌నుమా భవనం కూడా ఆయన నిర్మాణమే.

వారసులు, సమాధులు

ఫక్రుద్దీన్ మనుమల కాలంలో పైగా ఆస్తులు ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రాల పేర మూడు శాఖలయ్యాయి. ఫలక్‌నుమా ప్యాలెస్ నిర్మాత ఈ వికారుల్ ఉమ్రాయే. 1949లో జాగీర్ల రద్దుతో పైగాల అధికారం ముగిసింది.

తేగ్ జంగ్ మొదలుకొని పలు తరాల సమాధులు సంతోష్‌నగర్ సమీపంలోని పిసల్‌బండలో ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. గచ్చుపనికి, జాలీ అల్లికలకు ఇవి పేరుపొందాయి.