గృహనిర్బంధంలో పుట్టిన చలన శాస్త్రం

మీ ఇంట తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఉంటే, ఆ బిడ్డ భౌతికశాస్త్ర పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. వేగం, త్వరణం, జడత్వం అనే మాటలు కనిపిస్తాయి. ఆ పాఠాలకు పునాది వేసినవారిలో ముఖ్యుడు మన శ్రీసభ బిడ్డే. ఆయనను దోషిగా నిలబెట్టినది కూడా శ్రీసభ న్యాయసభే. ఆయన గెలీలియో. ఈ కథను మన పిల్లలు బయటివారి నోట వినేకంటే మన నోట వినడమే మేలు.

గెలీలియో 1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసా నగరంలో జన్మించారు. తండ్రి విన్చెంజో సంగీత విద్వాంసుడు. కుమారుడు వైద్యుడు కావాలని ఆయన కోరిక. 1581లో వైద్యవిద్యలో చేరిన గెలీలియో మనసు గణితం మీదికి మళ్ళింది. 1585లో పట్టా లేకుండానే చదువు విడిచారు. అయినా నాలుగేళ్ళకు అదే విశ్వవిద్యాలయంలో గణితం బోధించారు. ఆ తరువాత 1592 నుండి 18 సంవత్సరాలు పాదువా నగరంలో ఆచార్యుడుగా ఉన్నారు.

బరువైన వస్తువు త్వరగా, తేలికైనది ఆలస్యంగా పడుతుందనీ, నెట్టేవాడు లేకపోతే కదలిక ఆగిపోతుందనీ ఆనాటి పండితుల నమ్మకం. పీసా వాలు గోపురం మీదినుండి గెలీలియో గుండ్లు జారవిడిచారన్న కథ మీరు వినే ఉంటారు. అది నిజంగా జరిగిందా అని చరిత్రకారులు సందేహిస్తారు. ఆయన చేసిన అసలు పనికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. సుమారు 7 మీటర్ల కొయ్యదూలానికి నున్నని గాడి తీసి, దానిని కొంచెం వాల్చి, కంచు గుండును దొర్లించారు. క్షణాలను కొలిచే గడియారం అప్పట్లో లేదు కనుక, పాత్రనుండి సన్నని ధారగా కారే నీటిని పట్టి, తూకం వేసి కాలాన్ని కొలిచారు. అలా నూరేసి సార్లు చేసి చూశారు.

ఫలితం ఏమిటి? గుండు మొదటి కాలభాగంలో 1 వంతు దూరం పోతే, రెండవదానిలో 3, మూడవదానిలో 5, నాలుగవదానిలో 7 వంతులు పోతుంది. అంటే దాని వేగం సమానంగా పెరుగుతూ ఉంటుంది. దీనినే త్వరణం అంటాం. గాలి అడ్డు లేకపోతే బరువైనదీ తేలికైనదీ కలిసే నేలను తాకుతాయి. 1971లో చంద్రునిపై ఒక వ్యోమగామి సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలి దీనిని కళ్ళకు కట్టించాడు.

మరొక సంగతి. నున్నని సమతలంపై దొర్లే గుండును ఏదీ అడ్డకపోతే అది తనంతట తాను ఆగదు. బస్సుకు బ్రేకు వేయగానే మీరు ముందుకు తూలడం ఇందువల్లనే. ఇదే జడత్వం. భూమి తిరుగుతుంటే పైకి విసిరిన రాయి వెనుకబడిపోదా అని అడిగినవారికి ఇదే జవాబు. రాయి కూడా భూమితోపాటే కదులుతూ ఉంటుంది.

భూమి తిరుగుతుందన్న ఆ మాటే ఆయనకు కష్టం తెచ్చింది. పరిశుద్ధ గ్రంథ వాక్యాలకు అది విరుద్ధమని ఆనాటి వేదశాస్త్రులు తలచారు. 1616లో పునీత రాబర్ట్ బెల్లార్మిన్ ఆయనను పిలిచి హెచ్చరించారు. నిజం చెప్పాలంటే గెలీలియో చూపిన రుజువులు కూడా సంపూర్ణమైనవి కావు. సముద్రపు ఆటుపోట్లనుండి తీసిన వాదన తప్పు. అయినా 1632లో గ్రంథం ప్రచురించారు. 1633 జూన్ 22న, 69 ఏళ్ళ వయసులో, రోమాపురి న్యాయసభ ముందు మోకరించి తన అభిప్రాయాన్ని వదులుకోవలసి వచ్చింది. జీవితాంతం నిర్బంధంతోపాటు, మూడేళ్ళపాటు వారానికొకసారి ఏడు పశ్చాత్తాప కీర్తనలు జపించాలని శిక్ష విధించారు.

ఆ కీర్తనల భారాన్ని తండ్రికి బదులు తాను మోసిన కుమార్తె మరియ చెలెస్తె. ఆమె పునీత క్లారమ్మ సభ మఠకన్య. ఆమె తండ్రికి వ్రాసిన 124 లేఖలు నేటికీ ఉన్నాయి. శిక్ష పడిన కొత్తలో సియెనా అగ్రపీఠాధిపతి పికొలోమిని తన ఇంట ఆయనకు ఆశ్రయమిచ్చి, తిరిగి శాస్త్ర రచన చేయమని ప్రోత్సహించారు. ఆ తరువాత గెలీలియో ఫ్లోరెన్సు సమీపాన ఆర్చెత్రిలోని తన ఇంటికి చేరారు. కూతురి మఠం ఆ దగ్గరలోనే. కొన్ని నెలలకే, 1634 ఏప్రిల్ 2న, 33 ఏళ్ళ ఆ బిడ్డ కన్నుమూసింది.

పాఠకులారా, మీలో బిడ్డను పోగొట్టుకున్నవారు ఉంటే ఆ తండ్రి దుఃఖం మీకు తెలుస్తుంది. పరువు పోయింది, బిడ్డ పోయింది, చూపు మందగిస్తోంది. అయినా ఆయన శ్రీసభను విడువలేదు, పనినీ విడువలేదు. పాదువానాటి ప్రయోగాలన్నీ కూర్చి వ్రాసిన చలనశాస్త్ర గ్రంథం 1638లో హాలెండులోని లైడెన్‌లో అచ్చయ్యింది. అప్పటికి ఆయన పూర్తిగా అంధుడు. 1642 జనవరి 8న ప్రభువునందు నిద్రించారు.

పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఈ వ్యవహారాన్ని మరల పరిశీలింపజేసి, ఆనాటి వేదశాస్త్రులు పొరబడ్డారని 1992 అక్టోబరు 31న బహిరంగంగా అంగీకరించారు. తప్పును ఒప్పుకోవడంవల్ల శ్రీసభ చిన్నది కాలేదు.

కనుక మీ బిడ్డ సైన్సు పాఠం చదివి వచ్చి విశ్వాసం గురించి కష్టమైన ప్రశ్న అడిగితే కసరకండి. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి, కలిసి వెదకండి. సృష్టిని చేసినవాడూ, మనకు బుద్ధినిచ్చినవాడూ ఒక్కడే.