ఇచ్చినవాని యిల్లు : మొయీజ్ ద కమోండో జీవితము



ఫ్రాన్సు దేశపు ముఖ్యపట్టణమైన పారిసులో మొన్సో వీధిని 63వ నంబరు గల గొప్ప మేడ యొకటి కలదు. అది యిప్పుడు దేశమునకు చెందిన ప్రదర్శనశాల. దానిని కట్టించినవాడు మొయీజ్ ద కమోండో. మనము మోషే అను పేరునే ఫ్రెంచివారు మొయీజ్ అని పలుకుదురు. ఆయన యూదుడు. ఆయన ఆ దేశమునకు ఏమి ఇచ్చెనో, దానికి బదులుగా ఆయన సంతానమునకు ఏమి దొరికెనో క్రైస్తవులమైన మనము తెలిసికొనవలసియున్నది.

మొయీజ్ 1860వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపులు పట్టణములో పుట్టెను. ఆ పట్టణమునే యిప్పుడు ఇస్తాంబులు అందురు. స్పెయిన్ దేశపు రాజదంపతులు 1492లో యూదులను వెళ్లగొట్టగా అనేకులు తుర్కీ సుల్తానుల రాజ్యమున ఆశ్రయము పొందిరి. కమోండో వంశము అట్టి యూదులలోనిది. వారు బ్యాంకు పెట్టి గొప్ప ధనవంతులైరి, యూదుల పిల్లలకు బడి పెట్టించిరి. 1867లో ఇటలీ రాజు ఆ కుటుంబమునకు కౌంటు అను బిరుదు నిచ్చెను. 1869లో వారు పారిసునకు తరలివచ్చిరి. అప్పటికి మొయీజ్ తొమ్మిదేండ్ల బాలుడు.

ఫ్రాన్సు దేశము 1791లోనే యూదులకు తక్కిన పౌరులతో సమానమైన హక్కు లిచ్చియుండెను. అయితే చట్టము మారినంత త్వరగా మనుష్యుల హృదయములు మారలేదు. పూర్వకాలమున క్రైస్తవ రాజ్యములు అనేక స్థలములలో యూదులకు భూమి కొను హక్కును, చేతిపనుల సంఘములలో చోటును నిరాకరించెను. వడ్డీ వ్యాపారమును మాత్రము వారికి విడిచి, పిమ్మట వడ్డీ తీసికొనుచున్నారని వారిని దూషించెను. 1886లో ద్రుమో అను పత్రికా రచయిత యూదులు ఫ్రాన్సును దోచుకొనుచున్నారని పెద్ద గ్రంథము వ్రాయగా అది విస్తారముగా అమ్ముడుపోయెను. 1894లో డ్రేఫస్ అను యూదుడైన సైన్యాధికారిని దేశద్రోహి యని అబద్ధ సాక్ష్యముతో శిక్షించి ద్వీపమునకు పంపిరి. ఆయన నిర్దోషి యని 1906లో తీర్పు వచ్చెను. ఈ మధ్యకాలమున క్రీస్తు పేరు పెట్టుకొన్న పత్రికలు సహితము యూదులమీద విషము కక్కెను.

అట్టి దినములలో మొయీజ్ ద్వేషమునకు బదులు ద్వేషము చూపలేదు. ఆయన ఫ్రెంచి పనివారి చేతిపనిని ప్రేమించెను. 1700వ సంవత్సరము తరువాతి కాలపు వడ్రంగులు చేసిన బల్లలు, మగ్గములమీద నేసిన తివాచీలు, పక్షుల బొమ్మలు గల సెవ్ర్ పింగాణి పాత్రలు, రష్యా రాణి క్యాథరిన్ పారిసులో చేయించిన వెండి గిన్నెలు ఒక్కొక్కటిగా వెదకి కొనెను. వాటికి తగినట్లుగా 1911 మొదలు 1914 వరకు ఆ మేడను కట్టించెను. ఆయన సహోదర వరుసైన ఇసాక్ కూడ తాను సేకరించిన గొప్ప చిత్రపటములను ఆ దేశపు లూవ్ర్ ప్రదర్శనశాలకే వ్రాసి 1911లో మరణించెను.

ఇంటిలో మాత్రము మొయీజ్‌నకు సుఖము లేదు. 1891లో పెండ్లియాడిన భార్య ఇరేన్ ఆయనను విడిచిపోగా 1902లో వివాహము రద్దాయెను. కుమారుడు నిస్సిమ్, కుమార్తె బియాత్రీస్ ఆయనకు మిగిలిరి. 1914లో యుద్ధము రాగా నిస్సిమ్ సైన్యములో సేవ చేసి, పిమ్మట విమానదళములో చేరెను. 1917 సెప్టెంబరు 5వ తేదీన ఆకాశ యుద్ధములో అతని విమానము కూలెను. అతడు ఇరువది యైదేండ్ల ప్రాయమున ఫ్రాన్సు కొరకు చనిపోయెను.

ఆ తండ్రి బ్యాంకు మూసివేసెను. తన మేడను, అందలి సమస్త వస్తువులను దేశమునకు వ్రాసియిచ్చెను. దానికి తన కుమారుని పేరు పెట్టవలెననియు, వస్తువులను ఉన్నచోటనే ఉంచవలెననియు కోరెను. ఆయన 1935లో మరణించెను. మరుసటి సంవత్సరమే నిస్సిమ్ ద కమోండో ప్రదర్శనశాల తెరువబడెను.

1940లో జర్మనీ ఫ్రాన్సును జయించెను. అప్పుడు విషీ పట్టణమున ఏర్పడిన ఫ్రెంచి ప్రభుత్వమే ఆ యేటి అక్టోబరులో యూదులను ఉద్యోగముల నుండి తొలగించు చట్టము చేసెను. బియాత్రీస్ 1942లో రోమను కతోలిక సంఘమున చేరెను. అదే సంవత్సరమున ఆమెను, కుమార్తె ఫానీని పట్టుకొనిరి. పిమ్మట పిల్లల తండ్రి లియోన్ రైనాక్‌ను, కుమారుడు బెర్ట్రాండ్‌ను పట్టుకొనిరి. వారిని పారిసు దగ్గర ద్రాన్సీ శిబిరములో ఉంచి, 1943 నవంబరులో లియోన్‌ను పిల్లలను, 1944 మార్చిలో బియాత్రీస్‌ను ఆష్విట్జ్ మరణ శిబిరమునకు పంపిరి. నలుగురిలో ఒకరును తిరిగి రాలేదు. అన్న ప్రాణము, తండ్రి కానుక, ఆమె పొందిన బాప్తిస్మము, ఇవేవియు ఆమెను కాపాడలేదు. తండ్రి ఇచ్చిన పింగాణి గిన్నెలు మాత్రము భద్రముగా నుండెను. ఫ్రాన్సు నుండి ఆ విధముగా పంపబడిన యూదులు సుమారు 76,000 మంది. తిరిగి వచ్చినవారు రమారమి 2,500 మంది. ఈ పాపములో తన దేశమునకు పాలున్నదని ఫ్రెంచి అధ్యక్షుడు 1995లో ఒప్పుకొనెను.

ఈ చరిత్ర విని, ధనము అస్థిరమని చెప్పి ఊరకుందుమా? అట్లు చెప్పినచో నేరము చనిపోయినవారిమీద వేసినట్లగును. మొయీజ్ చేసిన తప్పేమి? పొరుగువారి పనితనమును మెచ్చెను, కలిగినది వారికే యిచ్చెను. కానుకను పుచ్చుకొని, యిచ్చినవాని బిడ్డలను అప్పగించినవారిదే నేరము. వారిలో అనేకులు బాప్తిస్మము పొందినవారే, ఆదివారమున గుడికి పోయినవారే.

రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమును ఈ నెల ఇంటింట చదువుడి. అడవి ఒలీవ కొమ్మలమైన మనము అంటుకట్టబడినవారము. వేరు మనలను భరించుచున్నది గాని మనము వేరును భరించుట లేదు. కావున సహజమైన కొమ్మలమీద అతిశయపడుటకు మనకు హక్కు లేదని పౌలు బోధించెను. పౌలు యూదుడే. మరియయు యూదురాలే. మన ప్రభువు శరీరమును బట్టి యూదుడే.

మన గ్రామములలో యూదుని కన్నులార చూచినవారు బహు కొద్దిమంది. అయినను శుభ శుక్రవారమున యూదులు క్రీస్తును చంపిరని పిల్లలకు నేర్పుదుము. పిలాతు రోమీయుడనియు, మేకులు కొట్టినవారు రోమా సైనికులనియు, ఆ సిలువకు మన పాపమే కారణమనియు చెప్పుట మరచిపోవుదుము. ఆ ఒక్క మాట యూరపులో వందల యేండ్లు ప్రసంగ పీఠముల నుండి వినబడుచు మనుష్యుల మనస్సులను కఠినపరచెను. మరల శుభ శుక్రవారము వచ్చినప్పుడు ఆ మాట మన పీఠము నుండి రాకుండ బోధకులు జాగ్రత్తపడవలెను. వచ్చినయెడల వినువారు ప్రేమతో సరిదిద్దవలెను.