జీన్ బాప్టిస్ట్ కోల్బర్ట్

జీన్ బాప్టిస్ట్ కోల్బర్ట్ (ఆగష్టు 29, 1619 - సెప్టెంబరు 6, 1683) ఫ్రాన్సు రాజు 14వ లూయీ కొలువులో ఆర్థిక వ్యవహారాలను నడిపిన ప్రముఖ మంత్రి. వాణిజ్యవాదాన్ని రాజ్య విధానంగా అమలుపరచిన వారిలో ఇతడు ముఖ్యుడు. ఫ్రాన్సులో ఆ విధానానికి ఇతని పేరుమీదనే కోల్బర్టిజం అని పేరు వచ్చింది.

తొలి జీవితము

కోల్బర్ట్ రీమ్స్ పట్టణంలో బట్టల వర్తకుల కుటుంబంలో జన్మించాడు. పదవి వచ్చిన తరువాత తన పూర్వీకులు స్కాట్లండు ప్రభువంశీయులని చెప్పుకొన్నాడు గాని అందుకు ఆధారము లేదు. 1651 నుండి ప్రధాన మంత్రి మజారిన్ సొంత ఆస్తుల లెక్కలు చూశాడు. 1661లో మజారిన్ మరణించగా రాజు ఇతనిని చేరదీశాడు. అదే సంవత్సరం ఆర్థికాధికారి ఫూకే నిర్బంధింపబడ్డాడు. దీని వెనుక కోల్బర్ట్ సమకూర్చిన ఆరోపణలే ఉన్నవి. ఫూకేకు న్యాయస్థానం దేశబహిష్కారం విధించగా, రాజు దానిని యావజ్జీవ ఖైదుగా మార్చాడు.

ఆర్థిక సంస్కరణలు

అప్పటికి ప్రజలు కట్టిన పన్నులో సగం కూడా ఖజానాకు చేరేది కాదు. మిగిలినది ఇజారాదారులు, రుణదాతల పాలయ్యేది. కోల్బర్ట్ ప్రత్యేక న్యాయస్థానము ద్వారా వారి లెక్కలను తిరగదోడించి పెద్ద మొత్తాలు కక్కించాడు. రైతులపై పడే తాయ్ అను పన్నును తగ్గించి, పరోక్ష పన్నులను పెంచాడు. ప్రభువులకు, మతాధికారులకు ఉన్న మినహాయింపులను మాత్రం తొలగించలేకపోయాడు.

పరిశ్రమలు, సుంకములు

ప్రపంచ వాణిజ్యం పరిమితమైనదని, ఒక దేశం లాభపడవలెనంటే మరొకటి నష్టపోక తప్పదని ఇతని నమ్మకం. యూరపు వాణిజ్యము సాగించే 20,000 నౌకలలో 15 వేలకు పైగా డచ్చివారివేనని ఇతడు అంచనా కట్టాడు. వెనిస్ నుండి అద్దాల పనివారిని రహస్యంగా రప్పించి 1665లో రాజ అద్దాల కర్మాగారం స్థాపించాడు. 1669లో బట్టల పొడవు, వెడల్పులకు నియమాలు చేశాడు. ఆ తరువాతి ఉత్తర్వు ప్రకారం, నాసిరకం బట్టను తయారుచేసినవాని పేరుతో సహా కూడలిలో స్తంభానికి వేలాడదీసేవారు. మూడవసారి తప్పు చేస్తే మనిషినే కట్టివేసేవారు. ఈ కట్టుబాట్లు నాణ్యతను పెంచినవి, కాని కొత్త రకాల నేతకు అడ్డుపడినవి. 1667లో డచ్చి, ఇంగ్లీషు బట్టలపై సుంకములు బాగా పెంచాడు. 1672లో డచ్చివారితో మొదలైన యుద్ధానికి ఇది ఒక కారణం. 1678 సంధిలో ఆ సుంకములనే వదులుకోవలసి వచ్చింది.

తూర్పు ఇండియా కంపెనీ

1664లో 15 మిలియన్ల లీవ్రుల మూలధనంతో ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీని స్థాపించాడు. వర్తకులు వాటాలు కొనడానికి ముందుకు రాకపోవడంతో అధికారులపై వత్తిడి తెచ్చి కొనిపించాడు. కంపెనీ తరఫున మార్కారా అనే ఆర్మీనియా దేశస్థుడు 1669లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా వద్ద ఫర్మానా పొంది మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పాడు. పుదుచ్చేరి స్థావరం 1674లో ఏర్పడింది.

చివరి దినములు

1669 నుండి నౌకాదళ మంత్రిగా కోల్బర్ట్ బలమైన నౌకాదళాన్ని నిర్మించాడు. దాని తెడ్డు ఓడలను నడపడానికి ఖైదీలను, కొనుగోలు చేసిన బానిసలను వినియోగించారు. ఫ్రెంచి వలసలలోని బానిసల కొరకు ఇతడు ఆరంభించిన శాసనాన్ని కుమారుడు సెన్యెలే పూర్తిచేయగా 1685లో అది నల్ల చట్టముగా వెలువడింది. ఆ కారణంగానే 2020లో పారిస్ నగరంలో ఫ్రెంచి పార్లమెంటు ఎదుటనున్న ఇతని విగ్రహంపై నిరసనకారులు ఎర్రరంగు పోశారు.

యుద్ధాలు, వెర్సాయి నిర్మాణపు ఖర్చులు పెరిగే కొద్దీ కోల్బర్ట్ తానే రద్దుచేయ తలచిన అప్పులకు, పదవుల అమ్మకానికి తిరిగి పూనుకొన్నాడు. పన్నుల భారానికి ప్రజలు నిందించినది ఇతనినే. 1683లో మరణించినప్పుడు జనం దాడి చేస్తారన్న భయంతో శవాన్ని రాత్రివేళ సెయింట్ యూస్టాష్ చర్చికి తరలించి ఖననం చేశారు.