మా టర్ఫ్‌లో రహీం సాబ్

గచ్చిబౌలిలో రాత్రి పదకొండు దాటాక టర్ఫ్ స్లాట్ కాస్త చవగ్గా దొరుకుతుంది. ఇంటర్నల్స్ అయిపోయిన రోజు మా గ్యాంగ్ పది మందిమీ అక్కడికే పోతాం. నేను స్ట్రైకర్‌ని. కనీసం నేనైతే అలాగే అనుకుంటాను. బాల్ నా కాలికి తగిలితే ఇక ఎవరికీ ఇవ్వనని మావాళ్ల కంప్లైంట్. అందులో అబద్ధం ఏమీ లేదు. మైదాన్ సినిమా చూసొచ్చిన రాత్రి కూడా అలాగే ఆడి, అలాగే తిట్లు తిని, రూమ్‌కి వచ్చి సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చదవడం మొదలుపెట్టాను. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే అయినా ఆ సినిమా వచ్చేదాకా ఆ పేరు నాకు తెలియదు. రొనాల్డో ఏ సీజన్‌లో ఎన్ని గోల్స్ కొట్టాడో మాత్రం నిద్రలో లేపినా చెప్తాను.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి కుర్రాళ్ల జట్టులో ఆడారు, తర్వాత సిటీ లీగ్‌లో కూడా ఆడారు. కానీ ఆటగాడిగా ఆయన పేరు ఊరు దాటలేదు. ఉద్యోగం బడి పంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన లైన్ ఇదే అనిపిస్తుంది. పెద్ద స్టార్ కోచ్ అయితే తను ఆడినట్టు ఆడమంటాడు. పంతులు అలా కాదు, పిల్లాడికి ఎక్కడ రావట్లేదో చూసి అక్కడే కూర్చోబెడతాడు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ ఏడాదే ఆ జట్టు మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. 1956, 1957ల్లో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌దే.

ఇంతకీ ఆయన ఏం చేశారు? పిల్లలకి ఆయన పెట్టిన టోర్నమెంట్ల గురించి చదివినప్పుడు నాకు అర్థమైంది. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బాల్ వచ్చిన వెంటనే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలంగా ఉన్న కాలు వాడకూడదు, రెండో కాలితోనే ఆడాలి. మా బ్రాంచ్ వాళ్లకి చెప్పాలంటే, ప్రాబ్లమ్‌కి కన్‌స్ట్రెయింట్ పెట్టడం. లూప్ వాడకుండా ప్రోగ్రామ్ రాయమంటే రికర్షన్ నేర్చుకోక తప్పదు కదా, అట్లా.

మేం కూడా ఒక రాత్రి ఆ నో డ్రిబ్లింగ్ రూల్ పెట్టుకుని చూశాం. మొదటి పది నిమిషాలు ఒకటే గోల. బాల్ వచ్చేసరికి ఎవరు ఎక్కడున్నారో తెలియదు, తల ఎత్తేలోపే ఫౌల్. పావుగంట తర్వాత వింతగా బాల్ రాకముందే చుట్టూ చూడటం మొదలుపెట్టాను. నా టీమ్‌లో మిగిలిన నలుగురు ఎక్కడ నిలబడతారో ఆ రోజే మొదటిసారి తెలిసింది. రెండేళ్లుగా కలిసి ఆడుతున్నవాళ్లు!

జాతీయ జట్టుతో ఆయన మొదటి పెద్ద గెలుపు 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, గోల్ కొట్టింది మేవాలాల్. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో నేల మీదకి దించేశారు. యుగోస్లావియా చేతిలో 10-1. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాతే మన దగ్గర బూట్లు తప్పనిసరి చేశారు. ఈ స్కోరు చూసి నేను కాసేపు ఆగిపోయాను. పది గోల్స్ తిన్న టీమ్ కోచ్‌ని మనం ఇప్పుడైతే ఏం చేస్తాం? మీమ్స్ చేస్తాం.

నాలుగేళ్లకి 1956 మెల్‌బోర్న్. మళ్లీ రహీమే కోచ్. జట్టులో మన ఊరివాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. ఆస్ట్రేలియాని వాళ్ల సొంత గడ్డ మీద 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడి మొదటి హ్యాట్రిక్ అది. సెమీస్‌లో ఎదురైంది ఎవరనుకున్నారు, అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది. తర్వాత నాలుగు తిని ఓడిపోయాం, బల్గేరియాతో కాంస్యం మ్యాచ్ కూడా పోయింది. నాలుగో స్థానం. ఒలింపిక్స్ సెమీస్ దాకా వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. 10-1 నుంచి 4-1కి రావడం కూడా ఒక గెలుపే అని నా లెక్క, ఎవరూ మెడల్ ఇవ్వకపోయినా.

1960 రోమ్‌లో గ్రూప్ దాటలేదు కానీ ఫ్రాన్స్‌ని 1-1తో ఆపారు. హంగరీ మీద ఓడింది 2-1తోనే, ఆ ఒక్క గోల్ బలరాందే. పెరూ మీద కూడా మనకు గోల్ కొట్టింది అతనే. స్ట్రైకర్లంటే యూరప్‌లోనే పుడతారనుకునే నాకు అమ్ముగూడ మా బస్ రూట్‌లో ఎక్కడో ఉందని తెలియడం కొంచెం సిగ్గుగానే అనిపించింది.

ఇక 1962 జకార్తా. రహీంకి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. అయినా వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఆ తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌ల మీద గెలిచారు కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మామూలు కోచ్ అయితే అతన్ని బెంచ్ మీద కూర్చోబెడతాడు. రహీం అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టారు! ఇక్కడ సినిమా వాళ్లు కల్పించాల్సిన అవసరమే లేదు.

ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. స్టేడియంలో దాదాపు లక్ష మంది, అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లని ఆ గేమ్స్‌కి రానివ్వకపోవడాన్ని మన దేశపు ఒలింపిక్ ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టాడని ఆ కోపం అంతా ఆటగాళ్ల మీద చూపించారు. ఆ గోలలో మనవైపు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు అని మన ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. కొరియా వాళ్లు ఎత్తు బంతులతో వస్తారని, ఫ్లూ నుంచి లేచిన పొడుగు తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టారు రహీం. ఫైనల్ ముందు రాత్రి జట్టుని పిలిచి తనకి బంగారు పతకం కానుకగా ఇమ్మని అడిగారట. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో తలకి కట్టుతో ఉన్న జర్నైల్. కొరియా ఒక గోల్ తిరిగిచ్చింది కానీ అప్పటికి ఐదు నిమిషాలే మిగిలాయి. 2-1.

తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం చనిపోయారు. 53 ఏళ్లు. ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కి మళ్లీ బంగారం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, అప్పటి కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఒలింపిక్స్‌కి అయితే 1960 తర్వాత అసలు క్వాలిఫై కాలేదు.

2024 నవంబర్‌లో మలేషియాతో మ్యాచ్ మన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనే జరిగింది, 1-1. మేం నలుగురం వెళ్లాం. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఫస్ట్ హాఫ్ అంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటర్వెల్‌లో నేనే కదిలించి రహీం సాబ్ తెలుసా అంటే, చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని ఫతే మైదాన్‌లో పోలీస్ జట్టు ఆట చూశానని మొదలుపెట్టి సెకండ్ హాఫ్ నన్ను చూడనివ్వలేదు. నాకేం బాధ లేదు.

ఇప్పుడు మా టర్ఫ్‌లో ప్రతి శనివారం మొదటి అరగంట నో డ్రిబ్లింగ్. చివరి పావుగంట ఎడమ కాలు మాత్రమే. పోయిన వారం ఆ పావుగంటలో నాకు ఒక గోల్ పడింది. గోల్‌కీపర్ నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నాడు కాబట్టి అది లెక్కలోకి రాదని మావాళ్లు అంటున్నారు.