మహబూబ్ అలీ పాషా: పాముకాటు నమ్మకం, క్లోరోఫామ్ పరీక్ష

పటాన్‌చెరు, సంగారెడ్డి ఫ్యాక్టరీల్లో తయారైన మందులు ఇప్పుడు దేశదేశాలకు పోతున్నాయి. పక్షవాతానికైనా, ఇంకే జబ్బుకైనా కొత్త మందు వస్తే ముందు పరీక్షకు నిలవాల్సిందే. ఈ ప్రాంతమంతా నిజాం రియాసత్‌లో ఉన్న రోజుల్లోనే అలాంటి పరీక్షకు ఖజానా తెరిచారు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్.

1866లో పుట్టారు. తండ్రి అఫ్జలుద్దౌలా ఇంతకాల్ అయ్యేనాటికి ఆయనకు మూడేళ్లు కూడా నిండలేదు. 1884లో పూర్తి అధికారం చేతికొచ్చింది. షికారు, దుస్తుల షోకు కథలు అందరికీ తెలిసినవే. ఆయన పేరు తలిస్తే పాము విషం దిగుతుందని జనం గట్టిగా నమ్మేవారు. దాన్ని ఎవరూ లెక్కకట్టి చూడలేదు. ఆయన డబ్బుతో లెక్కకట్టింది వేరే సంగతి.

అప్పట్లో ఆపరేషన్‌కు మత్తు అంటే ఎక్కువగా క్లోరోఫామే. కొందరు రోగులు బల్ల మీదే పోయేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండా? శ్వాసేనని, దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలని హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ వాదన. 1888లో కుక్కల మీద పరీక్షలు చేసిన కమిషన్ కూడా అదే తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. లాన్సెట్ తన మనిషినే పంపి చూసుకోవడానికి మహబూబ్ పాషా వెయ్యి పౌండ్లు ఇచ్చారు. నమ్మని వాళ్లను ఖర్చు పెట్టి మరీ పిలవడం చిన్న సంగతి కాదు.

1889లో లాడర్ బ్రంటన్ వచ్చారు. ముప్పు గుండెకే అనుకుంటూ వచ్చిన ఆయన, నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు అయ్యాక లారీ వైపు తిరిగారు.

లోపమల్లా పరీక్ష కట్టిన తీరులో ఉంది. ఎక్కువగా మోతాదు పెంచి చూశారు. మత్తు ఇంకా తేలిగ్గా ఉన్నప్పుడే గుండె లయ తప్పొచ్చన్న సంగతి అందులో దొరకలేదు. పైగా జవాబు ముందే మనసులో పెట్టుకున్న లారీయే పరీక్షలు నడిపించారు. ఇప్పుడు పక్షవాతం మందును పరీక్షిస్తే, చీటీలు తీసినట్టు రోగుల్ని రెండు గుంపులు చేస్తారు. మూడు నెలల తర్వాత ఎవరు తమ పని తాము చేసుకోగలుగుతున్నారో చూసేవాళ్లకు, ఎవరికి ఏ మందు పడిందో తెలియనివ్వరు.

1908 మూసీ వరదల్లో అఫ్జల్‌గంజ్ దవాఖానా దెబ్బతింది. పాషా బాధితులకు తన మహళ్ల తలుపులు తెరిచారు. 1911 ఆగస్టు 29న, 45 ఏళ్లకే కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు. ఆ రోజుల్లోనే గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ ఇంగ్లండ్‌లో పిల్లుల మీద పరీక్షించి, కొద్దిపాటి క్లోరోఫామ్‌తోనే గుండె ఆగిపోవచ్చని చూపించారు.