ఆల్ఫ్రెడ్ మార్షలు

ఆల్ఫ్రెడ్ మార్షలు 1842వ సంవత్సరమున లండను నగరమునందు జన్మించెను. కుమారుడు మతాచార్యుడు కావలెనని తండ్రి కోరిక. బాలునకు గణితముపై మక్కువ. అందుచే ఆక్స్‌ఫర్డు విద్యార్థివేతనమును వదలుకొని, తండ్రి సోదరు డొసగిన ఋణముతో కేంబ్రిడ్జిలో చదివి, 1865లో గణితపట్టపరీక్షయందు ద్వితీయుడుగా నుత్తీర్ణు డయ్యెను.

సెలవులలో పట్టణములందలి పేదవాడలు తిరిగి, యీ దారిద్ర్యము తప్పదా యని కలతచెంది, అర్థశాస్త్రమును చేపట్టెను. 1885లో కేంబ్రిడ్జియం దాచార్యు డయ్యెను. అప్పటి కా శాస్త్రమునకు ప్రత్యేకపట్టము లేదు. నీతిశాస్త్రమునందును చరిత్రయందును నొక భాగముగా మాత్రమే విద్యార్థులు చదువుచుండిరి. ఆయన 18 సంవత్సరములు పట్టువిడువక పాటుపడి, 1903లో ప్రత్యేకపాఠ్యక్రమమును నెలకొల్పించెను. 1890లో వెలువరించిన మహాగ్రంథమున, వర్తకులును చదువగలుగుటకై, గణితమును అడుగు వివరణములకును అనుబంధమునకును పరిమితము చేసెను. 1924లో పరమపదించెను.

కళాశాలయం దర్థశాస్త్రము నెన్నుకొనగోరు బాలబాలికలారా! గణితమును శ్రద్ధతో నేర్వుడు. లెక్కల వెనుకనున్న పేదవానిని మరువకుడు.