హైమన్‌డార్ఫు పండితుని జీవితము

పరదేశమున జన్మించియు మన గోదావరి తీరపు కొండరెడ్ల కష్టసుఖములను గ్రంథస్థము గావించిన డాక్టరు క్రిష్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫుగారి చరితము ఇందు సంగ్రహముగా నివేదింపబడుచున్నది. పౌరసత్వము, ఓటు అను వానికి గల విలువ యెట్టిదో ఈ మహనీయుని జీవితమువలన మనకు తేటపడగలదు.

ఈయన 1909వ సంవత్సరము జూన్ 22వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున ఒక కులీన కుటుంబమున జన్మించెను. అచ్చటి విశ్వవిద్యాలయముననే మానవజాతి శాస్త్రము నభ్యసించి 1931లో డాక్టరు పట్టము నందెను. పిదప లండనులో మాలినోవ్‌స్కీ పండితుని కడ విద్య గరచి, 1936లో నాగా కొండలకు వచ్చి ఆ జాతులతో కలసి వసించెను. 1938లో బెట్టీ బర్నార్డో అను ఆంగ్ల వనితను వివాహమాడెను. ఆమె యావజ్జీవము ఆయన పరిశ్రమకు తోడునీడయై యుండెను.

ఆ 1938లోనే జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొనెను. అంతవరకు ఆస్ట్రియా ప్రజలైనవారు ఇల్లు కదలకయే జర్మను ప్రజలుగా లెక్కింపబడిరి. 1939లో దంపతులు హిందూదేశమునకు రాగా, సెప్టెంబరు మాసమున మహాయుద్ధ మారంభమయ్యెను. హైమన్‌డార్ఫుగారి చేతనున్నది జర్మను పాస్‌పోర్టు. కావున ఆంగ్ల ప్రభుత్వమువా రాయనను శత్రుదేశీయునిగా నెంచి, హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటరాదని కట్టుబాటు చేసిరి. చేసిన నేరమేమియు లేదు. తన కాగితముపై నున్న ప్రభుత్వము పేరు మారుటయే కారణము.

ఆ నిర్బంధమే మనవారికి మేలయ్యెను. ఆయన 1940లో నల్లమల చెంచులను దర్శించి, 1941లో పాపికొండల ప్రాంతమున కొండరెడ్ల పల్లెలకు వచ్చెను. గోదావరి ఒడ్డునగల కొయిద మొదలగు గ్రామములలో గుడారము వేసికొని, వారి పోడు సేద్యమును, జీలుగు కల్లును, పండుగలను, పెండ్లిండ్లను పరిశీలించెను. కలప, వెదురు వర్తకులు ధాన్యము, గుడ్డలు అప్పుగా నిచ్చి, ఆ యప్పు తీరదను నెపమున కొండరెడ్లచేత కూలి చేయించుకొనుట కన్నులార చూచెను. ఈ వృత్తాంతమంతయు 1945లో ప్రకటితమైన ఆయన గ్రంథమునందు గలదు.

అప్పుడు గోదావరి కుడియొడ్డు నిజాముగారి పాల్వంచ సీమ. ఎడమయొడ్డు ఆంగ్లేయుల మద్రాసు రాజధాని. భద్రాచలము తాలూకాను 1860లో నిజాము ఆంగ్లేయుల కొసగగా, అది తొలుత మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసులో చేరెను. ఒకే జాతి జనము, నడుమ ఏరు, ఇరువురు ఏలికలు! వయోజనులందరికి ఓటు అనునది ఇరుతీరముల లేకుండెను. భూమి దున్నువానికి పట్టా లేదు. తన ప్రభుత్వ మేదియో కొండరెడ్డి కెరుక లేదు. తన ప్రజ యెవరో ప్రభుత్వమునకును పట్టలేదు.

1940లో జోడేఘాటున కొమురం భీము నిహతుడైన పిమ్మట నిజాము ప్రభుత్వము గిరిజనుల మొర వినవలసివచ్చెను. హైమన్‌డార్ఫుగారి నివేదికలు రెవెన్యూ శాఖను కదల్చినవి. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయి యందు గోండుల విద్యాప్రణాళిక ఆరంభమయ్యెను. 1945లో ఆయన ప్రభుత్వమునకు గిరిజన సలహాదారయ్యెను. గోండు కుటుంబములు వేలకొలదిగా పట్టాలు పొందెను. 1356 ఫసలీలో గిరిజన ప్రాంతముల రెగ్యులేషను వెలువడెను. దేశమేగి తిరుగాడు స్వేచ్ఛను ఒక కాగితమువలన కోల్పోయిన పురుషుడు, ఒక కాగితమువలన పేదల నేలను నిలుపుటకు పాటుపడెను.

1949లో ఆయన లండను విశ్వవిద్యాలయమున చేరి, ఆచార్యుడై 1976లో విరమించెను. ఈలోపల 1950లో రాజ్యాంగము అమలునకు వచ్చెను. ఆ యేటి షెడ్యూల్డు తెగల పట్టికలో మనవారు మద్రాసు భాగమున కొండరెడ్లనియు, హైదరాబాదు భాగమున హిల్ రెడ్లనియు వేరువేరుగా వ్రాయబడిరి. ఏరు చేసిన ఆ విభాగము నేటికిని పట్టికలో నిలిచియున్నది. 1952 నాటి ప్రథమ సాధారణ ఎన్నికలలో ఇరువదియొక యేండ్లు నిండిన ప్రతి స్త్రీపురుషునకు ఓటు లభించెను. 1989లో ఆ వయస్సు పదునెనిమిదికి తగ్గింపబడెను.

వృద్ధాప్యమునను ఆయన మరల మరల వచ్చి, గిరిజనుల భూములు అన్యాక్రాంతమగుట చూచి వగచి, 1982లో మరియొక గ్రంథము వెలువరించెను. బెట్టీగారు 1987లో హైదరాబాదున గతించి మార్లవాయి మట్టిలో విశ్రమించిరి. ఆయన 1995లో లండనున దివంగతుడయ్యెను.

సోదరులారా! ఎల్లలు నేటికిని కదలుచునే యున్నవి. భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. 2014 ఎన్నికలలో ఖమ్మము జిల్లా ఓటర్లుగా ఓటు వేసిన ఏడు మండలముల పల్లెలు ఆ యేడే ఆంధ్రప్రదేశమున చేర్చబడెను. వా రెన్నుకొన్న ప్రతినిధులు మాత్రము తెలంగాణ శాసనసభయందు కూర్చుండిరి. కొయిద ఆ పల్లెలలోనిదే. పోలవరము ముంపువలన అచ్చటివారు ఊళ్లు విడువవలసివచ్చెను. బస్తరునుండి వలసవచ్చిన గుత్తికోయలకు స్వస్థలమున గల తెగ గుర్తింపు రాష్ట్రపు ఎల్ల దాటగనే వెంట రాదు. వారిని పరాయివారని చులకన చేయుట మనకు తగదు.

కావున ప్రతి కుటుంబమును ఓటర్ల జాబితాలో తన పేరున్నదో లేదో చూచుకొనవలెను. ఊరు మారినవారు క్రొత్త చోట పేరు నమోదు చేయించుకొనవలెను. చదువుకొన్న యువకులు పల్లెపల్లెకు పోయి, తెగ ధ్రువపత్రము, పట్టా లేనివారికి దరఖాస్తులు వ్రాసిపెట్టవలెను. పోషక మహాశయు లిందుకు వలయు ప్రయాణవ్యయములకు తోడ్పడుదురుగాక. మనకొరకు పాటుపడిన ఆ పరదేశీయునకు మనము తీర్పగల ఋణ మిదియే.